అడవిబాతుల కూతపెట్టె

నీళ్లు వెనక్కి తగ్గితేనే నీలగుట్టపాడు వాళ్లకు భూమి ఉంటుంది.

గుండ్లవాగు మీద ఆనకట్ట కట్టినప్పుడు ఆ ఊరి పొలమంతా ముంపులో పోయింది. ఇళ్లను గట్టు మీదికి మార్చుకున్నారు గానీ నేలను ఎవరు మార్చగలరు? ఏటా కార్తీకం వెళ్లేసరికి జలాశయం మట్టం దిగి, మునిగిన చేలు ఒక్కొక్కటే బయటపడతాయి. నల్లటి ఒండ్రు కాలు దిగబడనంతగా ఆరగానే గొర్రు కట్టి శనగ విత్తుతారు. మళ్లీ వరద వచ్చి ముంచేలోపు చేతికొచ్చే ఆ ఒక్క పంటే వాళ్ల బతుకు.

సరిగ్గా అప్పుడే అడవిబాతులూ వస్తాయి. బూడిదరంగు ఒళ్లు, తెల్లటి తల, తల వెనక రెండు నల్లచారలు. మంచుకొండల అవతల గుడ్లు పొదిగి, పిల్లలకు రెక్కలొచ్చాక వాటిని వెంటబెట్టుకుని చలికాలానికి ఇక్కడికి చేరతాయి. ఒకప్పుడు నీటి అంచున మొలిచే గడ్డి మేసేవి. ఇప్పుడు గడ్డి మొలిచే చోటల్లా శనగ ఉంది కనక శనగే మేస్తున్నాయి.

భ్రమరాంబ ఆ ఊరి కోడలు. టౌనులో వ్యవసాయ పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. పక్షులు, పశువులు చేసే ధ్వనుల మీద ఆమె పని. మేనమామ కొడుకు ఓబుళేసునే చేసుకుంది. ఆమె చదువు వెంట పోయింది, అతను చేను పట్టుకుని ఉండిపోయాడు. దాని గురించి ఇద్దరి మధ్యా ఎన్నడూ మాట రాలేదు.

ఆ శీతాకాలం ఒక పొద్దున ఆమె చేనికి వెళ్లేసరికి ఓబుళేసు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన సొట్టలు పడిన రేకుడబ్బా, దాన్ని వాయించే కర్ర. ఎదురుగా జానెడు ఎత్తు లేచిన శనగ. నీటి వైపు సగం మాత్రం గొరిగినట్టు బోడిగా ఉంది.

"తెల్లారకముందే దిగినాయి," అన్నాడు. "డబ్బా కొడితే తలెత్తి చూసి మళ్లా మేస్తాండాయి. టపాకాయలు కాలిస్తే ఈ చేన్లో నుంచి ఆ చేన్లోకి దుంకుతాయి, అంతే. దిష్టిబొమ్మను పెడితే దాని నెత్తిన రెట్టేసి పోయినాయి."

నవ్వించాలని చెప్పిన మాట కాదది. భ్రమరాంబ అతని పక్కన కూర్చుంది.

"మనోళ్లు మందు కలుపుదామంటాండారు," అన్నాడు ఓబుళేసు. "నానబెట్టిన గింజల్లో కలిపి నీళ్ల అంచున చల్లితే ఒక్క పొద్దుకు అయిపోతుందంట. నేనే ఆపినా. ఇంకెన్నాళ్లు ఆపుతానో తెలీదు."

"కొన్నాళ్లు ఆగమను బావా. నేను ఏమైనా చూస్తా."

చూస్తానని ఊరికే అనలేదు. ఆమెకు అప్పటికే ఒక సంగతి తెలుసు. దాన్ని పంట కోసం వాడాలని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

బాతుల గుంపు లేవబోయే ముందు, గొంతులోనే అణిచిపెట్టినట్టు ఒక చిన్న కూత పుడుతుంది. మనిషి చెవికి అది దాదాపు అందదు. దాన్ని కూసేది తల్లో తండ్రో. అది వింటే పిల్లలు ఇక ఆలోచించవు. ముక్కున మేత ఉన్నా వదిలేసి రెక్క విప్పుతాయి. ఏ పిల్లకైనా తన తల్లిదండ్రుల గొంతే లెక్క, పక్క కుటుంబం కూత వింటే తల కూడా తిప్పదు. కొన్ని శీతాకాలాల పాటు ఓపిగ్గా విని భ్రమరాంబ దీన్ని పట్టుకుంది. లేపుడుకూత అని పేరు కూడా తనే పెట్టుకుంది.

ప్రయోగశాలలో పరికరాలన్నీ తయారుచేసేది ఇమ్తియాజ్. తక్కువ మాట్లాడే మనిషి, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక తీగ ఉంటుంది. ఆమె చెప్పింది వింటూ వింటూ చేతిలో పని ఆపాడు.

"టపాకాయల మోతకు అలవాటు పడతాయి సరే, అమ్మ గొంతుకు ఎవరు అలవాటు పడతారు మేడమ్? ఆ గొంతుతోనే లేవమని చెప్పిస్తే?"

"అంటే వాటికి అబద్ధం చెప్పిస్తాం."

"విషం పెట్టడం కన్నా అబద్ధం చెప్పడం నయం కదా?"

ఇద్దరూ కలిసి పనిలో పడ్డారు. బియ్యం డబ్బా అంత పెట్టె తయారైంది. పైన సూర్యరశ్మికి చార్జి అయ్యే పలక, చుట్టూ చెవుల్లా చిన్న చిన్న మైకులు. చేను పక్కన పెడితే అది మొదట వింటుంది. వందల కూతల్లో ఏ గొంతు ఏ కుటుంబం పెద్దదో విడదీసుకుంటుంది. ఆ తర్వాత ఆ గొంతులతోనే, అచ్చం అలాగే, లేపుడుకూత కూస్తుంది.

దాన్ని మొదట పెట్టింది ఓబుళేసు చేని గట్టునే. ఊళ్లో సగం మంది వచ్చి దూరంగా నిలబడ్డారు. బాతులు మెల్లగా దిగి, మెడలు వంచి మేత మొదలుపెట్టాయి. పెట్టె చాలాసేపు ఊరుకుంది. "ఏందబ్బా, ఇది మూగదా?" అని ఎవరో గొణిగారు. ఇమ్తియాజ్ వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

ఏ చప్పుడూ వినిపించలేదు. ఉన్నట్టుండి చేనంతా ఒక్కసారి కదిలింది. పరిచిన దుప్పటిని నాలుగు మూలలా పట్టి ఎత్తినట్టు గుంపు మొత్తం పైకి లేచి, నీళ్ల మీదుగా మలుపు తిరిగి వెళ్లిపోయింది. జనంలో ఒకాయన కండువా తీసి గాల్లో తిప్పాడు.

భ్రమరాంబ బైనాక్యులర్స్‌లోంచి చూస్తోంది. ఒక మగబాతు మాత్రం అందరికన్నా చివరన లేచింది. దాని పిల్లలు అప్పటికే గాల్లో ఉన్నాయి. అది వాటిని పిలవలేదు. మెడ నిక్కించి, పెట్టె ఉన్న వైపే చూసింది. తన గొంతు తన నోట్లోంచి కాక ఇంకెక్కడి నుంచో వినపడితే ఏ ప్రాణికి ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. కానీ ఆ చూపు చూశాక గుండెలో ఏదో గుచ్చుకున్నట్టయింది. అంతలో ఓబుళేసు పక్కకొచ్చి, ఊరందరి ముందూ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. పెళ్లయ్యాక అలా చేయడం అదే మొదటిసారి. ఆ చెయ్యి బరువుకు గుచ్చుకున్నది కాస్తా మరుగున పడింది.

మందు మాట ఊళ్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ప్రతి చేని గట్టునా కూతపెట్టె వెలిసింది. ఓబుళేసు నడిచే తీరే మారింది. కొట్టు దగ్గర నలుగురు కనబడితే ఆగి మాట్లాడుతున్నాడు. "నా పెండ్లాం చేసింది," అని అతను ఎవరితోనో చెబుతుంటే భ్రమరాంబ చెవిన పడింది. సిగ్గూ సంతోషమూ రెండూ కలిగాయి.

శనగ పూతకొచ్చే ముందు ఒక మధ్యాహ్నం, ఓబుళేసు అక్క సంజమ్మ వెదురు పుట్టిలో నీళ్లు దాటి వచ్చింది. ఆమె అత్తవారిది అవతలి గట్టున ఉన్న బైరవాయిపల్లె. మొగుడు లారీ మీద దేశాలు తిరుగుతుంటే చేనూ మేకలూ తనే చూసుకుంటుంది. వస్తూనే ఒడి విప్పి అరుగు మీద కుమ్మరించింది. తలలు తెగిన శనగ మొక్కలు.

"మీ చేలల్లో నుంచి లేపినవి యాడికి పోయినాయనుకుంటాండారు?" అంది. తిట్టడం కాదు, అడగడమే. "మాకు ఇంతకుముందు పదో పరకో దిగేటియి. ఇప్పుడు ఆకాశమంతా మా మీదనే."

ఓబుళేసు ఒక మొక్క చేతిలోకి తీసుకుని చూశాడు. "భ్రమరా, అక్కోళ్లకు కూడా పెట్టెలియ్యి."

భ్రమరాంబ వెంటనే సరే అనలేకపోయింది. "అక్కడా పెడితే అవి యాడ మేయల్ల వదినా?"

"ఈ మాట మీ చేనికి పెట్టేటప్పుడు అడిగినావా?"

అడగలేదు. కాబట్టి ఇవ్వక తప్పలేదు. బైరవాయిపల్లె చేలకూ పెట్టెలు వెళ్లాయి. ఈ లోపు పైఅధికారులు వచ్చి చూసి మెచ్చుకుని, జలాశయం చుట్టూ ఉన్న మిగతా ఊళ్లకూ పెట్టించారు. పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం నేర్చుకున్నాయి. ఒక పెట్టె విన్న గొంతు క్షణంలో అన్నిటికీ తెలిసిపోయేది. నీళ్ల అంచున ఎక్కడా పక్షి కాలు ఆనడానికి చోటు లేకుండా పోయింది.

బాతులు జలాశయం మధ్యలో ఉన్న బోడిగుట్ట మీద చేరాయి. అక్కడ రాయి తప్ప ఏమీ లేదు. పగలంతా కిక్కిరిసి నిలబడేవి. ఆకలికి ఆగలేక లేచి ఏదో ఒక గట్టుకు వచ్చేవి. పెట్టె కూసేది. మళ్లీ లేచేవి. అవే ఆగలేక వేరే దేశం పోతాయని అందరూ అనుకున్నారు. భ్రమరాంబ కూడా అలాగే అనుకోవాలని చూసింది.

పోలేదు. అంతకన్నా ఘోరమైనది జరుగుతోందని ఆమెకు ప్రయోగశాలలో తెలిసింది.

గుట్ట వైపు పెట్టిన మైకుల్లో ఆ వారం పట్టిన శబ్దాలు వింటోంది. ఒక చోట కుక్కల గురగుర. నీళ్లు బాగా తగ్గి గుట్టకు దారి ఏర్పడినట్టుంది, ఊరకుక్కలు అక్కడికి చేరాయి. వెంటనే ఒక తండ్రిబాతు లేపుడుకూత. ఇది పెట్టెది కాదు, అసలుదే. ఆ కూత తర్వాత రెక్కల చప్పుడు వినబడాలి. వినబడలేదు. తండ్రి మళ్లీ కూసింది. మళ్లీ కూసింది. పిల్లలు కదల్లేదు. ఆ తర్వాత వినబడినవి ఆమె పూర్తిగా వినలేక చెవులకున్న హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టేసింది.

ఇమ్తియాజ్ దాన్ని తీసి తన చెవులకు పెట్టుకున్నాడు. చివరిదాకా విన్నాడు.

"అలవాటు పడవన్నాను నేను," అన్నాడు.

"పడ్డాయి. అమ్మ గొంతుకు కూడా."

లేపుడుకూత ఒక్కటే కాదు. తర్వాతి రోజుల్లో ఆమె మిగతా కూతలూ జల్లెడ పట్టింది. పిల్ల ఎక్కడుందో కనుక్కునే పిలుపు, మేత దొరికిందని చెప్పే పిలుపు, దిగమనే పిలుపు. తల్లిదండ్రులు పిలుస్తూనే ఉన్నాయి. పిల్లల నుంచి బదులు లేదు. దిగమని పిలిచినా గట్లకు దిగడమే మానేశాయి. ఆ గొంతు చెప్పేది ఏదీ నిజం కాదని అవి నేర్చేసుకున్నాయి.

ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి ఓబుళేసుకు అంతా చెప్పింది. పెట్టెలు ఆపేయాలంది.

"ఇప్పుడా? పూత మీదుండాది చేను," అన్నాడతను. "కాయ గట్టిపడేదాకా ఆగు."

"అందాకా అవి బతకవు బావా."

"మనం బతకల్లని లేదా? ఇరవై ఇండ్లోళ్లు నన్ను నమ్మి ఆ మందు పారబోసినారు. నువ్వు చేసిందానికే ఈ ఊళ్లో నేను తలెత్తుకున్నా. ఇప్పుడు నువ్వే వద్దంటే వాళ్లకు ఏం మొగం చూపల్ల?"

అతను చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఆమెకు ఏమీ కనబడలేదు. తను విన్నదాంట్లోనూ తప్పు లేదు. అయినా మర్నాడు కేంద్రానికి వెళ్లి, ఎవరినీ అడగకుండా పెట్టెలన్నిటి నోరూ ఒకేసారి మూసేసింది. పైనుంచి వచ్చే మాటలకు తనే సమాధానం చెప్పుకుంటానంది. ఇమ్తియాజ్ ఆమె పక్కనే నిలబడ్డాడు.

సంగతి తెలిశాక ఊరు భగ్గుమంది. ఇంటి ముందుకొచ్చి అడిగిన వాళ్లకు భ్రమరాంబ దాచకుండా చెప్పింది. కొందరు విన్నారు, కొందరు వినకుండా వెళ్లిపోయారు. డబ్బాలూ కర్రలూ మళ్లీ బయటికొచ్చాయి. ఓబుళేసు మాత్రం ఒక్క మాటా అనలేదు. అన్నం పెడితే తిన్నాడు, లేచి చేనికి వెళ్లాడు. అతను అరిచి ఉంటే బాగుండేదని ఆమెకనిపించింది.

అబద్ధం ఆపేస్తే నమ్మకం తిరిగొస్తుందని ఆమె ఆశ. అలా జరగలేదు.

మంచు బాగా కురిసిన ఒక ఉదయం ఊరంతా ఇళ్లలోంచి బయటికొచ్చి పైకి చూసింది. కుక్కలు చేరిన గుట్టను వదిలి, జలాశయం మీద బాతులన్నీ ఆకాశంలోనే తిరుగుతున్నాయి. పెద్దవి కిందికి దిగుతాయి, నీళ్లను తాకబోయేదాకా వస్తాయి, కూస్తాయి. పిల్లలు దిగవు. పైనే తిరుగుతుంటాయి. పిల్లల్ని వదల్లేక పెద్దవి మళ్లీ పైకి లేస్తాయి. మళ్లీ దిగుతాయి. మళ్లీ లేస్తాయి. రోజుల తరబడి మేత లేని ఒళ్లు అవి. ఎండ పొడిచేసరికి ఒక్కొక్కటిగా రాలడం మొదలైంది. రోడ్డు మీద, రేకుల ఇళ్ల మీద, గడ్డివాముల మీద. ఒకటి నీళ్లబిందె ఎత్తుకుని వస్తున్న ఒకావిడ కాళ్ల ముందే పడింది. ఆవిడ బిందె దించి, దాన్ని ఏం చేయాలో తెలియక చేతుల్లోకి తీసుకుని నిలబడిపోయింది. నిన్నటిదాకా డబ్బా కొట్టిన మనిషే.

అవతలి గట్టు నుంచి ఫోను వచ్చింది. సంజమ్మ.

"మా పక్క శానా పడినాయి. చావనివి ఏరి మేకల దొడ్లో ఏసినా. నువ్వొచ్చి చూడు."

భ్రమరాంబ పుట్టిలో వెళ్లింది. మేకల్ని బయట కట్టేసి, దొడ్డిలో సంజమ్మ బాతుపిల్లల్ని ఉంచింది. ఈ ఏటి పిల్లలే అన్నీ, తలమీద చారలు ఇంకా సరిగ్గా తేలలేదు. సంజమ్మ తన చేన్లో మిగిలిన శనగ పీకి తెచ్చి వాటి ముందు వేసింది. కొన్ని తింటున్నాయి. భ్రమరాంబ వాకిట్లోనే ఆగిపోయి చూసింది.

"పిల్లోడు అబద్ధమాడితే పెద్దోడు నమ్మడు, సరే," అంది సంజమ్మ, ఆమె వైపు చూడకుండానే. "పెద్దోడి గొంతుతోనే అబద్ధమాడిస్తే పిల్లోడు యాడికి పోవల్ల భ్రమరా?"

భ్రమరాంబ తల వంచుకుంది. ఏడుపు వచ్చింది. సంజమ్మ ఓదార్చలేదు గానీ, పక్కనున్న నీళ్ల చెంబు ఆమె చేతికిచ్చింది. "పెట్టె తెచ్చుకున్నదాన్ని నేను కూడా. ఇద్దరమూ ఏడుస్తా కూసుంటే ఎట్ల?" అంది.

ముఖం కడుక్కుని తలెత్తినప్పుడు భ్రమరాంబ ఒకటి గమనించింది. దొడ్డి మీదుగా తిరుగుతున్న గుంపు మిగతా చోట్లకన్నా కిందుగా తిరుగుతోంది. దిగడం లేదు. కింద మేకలూ మనుషులూ ఉన్నారు, నాలుగు పక్కలా గోడ. అయినా ఒక్కో పిల్లబాతు మెడ వంచి, కింద మేస్తున్న వాటిని చూస్తూ పోతోంది.

చెవిన పడేది ఏదీ అవి నమ్మడం లేదు. కంటికి కనబడేది నమ్ముతాయేమో. తమలాంటి పిల్లలు నేల మీద నిలబడి మేస్తుంటే, ఎవరూ అదిలించకపోతే.

దానికి ఈ దొడ్డి చాలదు. నీటి అంచున, పైనుంచి చూస్తే పచ్చగా కంటికి ఆనే పెద్ద చేను కావాలి. ఈ పక్క చేలన్నీ సగం మేసినవే. అవతల, గట్టు కింద, మేసిన సగమూ మళ్లీ చిగిర్చి, నీళ్ల దాకా పరుచుకుని పూతతో నిండి ఉన్న చేను ఒకటే ఉంది. అది ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

ఇద్దరూ పుట్టిలో ఇవతలి ఒడ్డుకు చేరేసరికి ఓబుళేసు చేని దగ్గరే ఉన్నాడు. వాళ్లు గంపల్లో తెచ్చిన పిల్లబాతుల్ని చూశాడు. భ్రమరాంబ ఒడ్డున నిలబడే అంతా చెప్పింది.

"గొంతు నమ్మనివి కండ్లను నమ్ముతాయా?" అన్నాడు. ఎన్నో రోజుల తర్వాత ఆమెతో మాట్లాడిన మాట అది.

"తెలీదు బావా."

"తెలీకుండానే నా చేను అడుగుతాండావా?"

"అడుగుతాండా."

అతను చేని వైపు తిరిగాడు. గులాబి పూత మీద మంచు ఇంకా ఆరలేదు. శనగాకు పులుపు వాసన గాలిలో తెలుస్తోంది. ఎక్కడో వెనక రేకుల కప్పు మీద మరో పక్షి పడిన చప్పుడయింది. ఓబుళేసు అటు తల తిప్పి చూశాడు.

అతను వెళ్లి, నీటి వైపున్న ముళ్లకంప లాగి పక్కన పడేశాడు. ఒక గంప తనే ఎత్తుకున్నాడు.

"ఊళ్లోకి పోయి చెప్పు," అన్నాడు భ్రమరాంబతో. "కుక్కల్ని కట్టేయమను. డబ్బా మోగకూడదు, మనిషి కనబడకూడదు. ఓబుళేసు చేను, ఓబుళేసు ఇష్టమని చెప్పు."

భ్రమరాంబ చెప్పి వచ్చాక, పిల్లబాతుల్ని చేని మధ్యలో వదిలి ముగ్గురూ గట్టు వెనక పడుకున్నట్టు కూర్చున్నారు. ఊరు ఊరంతా అణిగిపోయింది. పిల్లలు మొదట ముడుచుకుని కూర్చున్నాయి. తర్వాత ఒకటి మెడ చాచి కొమ్మ తుంచింది. ఇంకొకటి లేచి కుంటుతూ నాలుగడుగులు వేసింది. మేయడం మొదలుపెట్టాయి.

పైన గుంపు చేని మీదికి ఒరిగింది. ఒకసారి తిరిగి వెళ్లిపోయింది. రెండోసారి ఇంకా కిందికి వచ్చింది. ఒక పిల్లబాతు గుంపులోంచి విడిపోయి, రెక్కలు వెనక్కి పట్టి, తడబడుతూ చేన్లో దిగింది. దిగి నిలబడి చుట్టూ చూసింది. ఏ కూతా లేదు. ఎవరూ లేపలేదు. మెడ వంచింది.

దాని వెనక ఇంకొకటి. తర్వాత లెక్క పెట్టడానికి వీల్లేకుండా దిగాయి. పిల్లలు దిగాక, వాటి కోసం పైకీ కిందికీ తిరిగిన పెద్దవి చివరన వచ్చి వాలాయి. కొన్ని వాలిన చోటే పొట్ట నేలకానించి, కూర్చునే మేశాయి. లేచే ఓపిక లేదు.

ఓబుళేసు గడ్డం చేతుల మీద ఆనించి చూస్తున్నాడు. దున్నిందీ విత్తిందీ, చలిలో కాపు కాసిందీ అతనే. చేను కళ్ల ముందే బోడి అవుతోంది. భ్రమరాంబ అతని ముఖం వైపు చూడటానికి భయపడింది. అతను గొంతు తగ్గించి అన్నాడు.

"ఎంత ఆకలి మీదుండాయో చూడు."

ఆ చేన్లో ఆ ఏడు గింజ మిగల్లేదు. కల్లాల రోజుల్లో ఊరివాళ్లు ఎవరికి తోచినంత శనగ వాళ్లు గంపల్లో తెచ్చి ఓబుళేసు అరుగు మీద పోసి వెళ్లారు. ఆ ఉదయం చేతుల్లో బాతును పట్టుకుని నిలబడిపోయిన ఆవిడ తన గంపను రెండుసార్లు తెచ్చింది. అందరూ తేలేదు. కొందరు ఇప్పటికీ భ్రమరాంబ ఎదురైతే పక్కకు చూసుకుని పోతారు.

జరిగినదంతా తన తప్పేనని ఆమె కేంద్రంలో చెప్పుకుంది. పెట్టెలు వెనక్కి తెప్పించి, ఇమ్తియాజ్ ఒక్కొక్కటీ విప్పి వాటిలోని గొంతుల్ని తుడిచేశాడు. వేరే జిల్లా నుంచి కొంగల కోసం, ఇంకో చోటి నుంచి జింకల కోసం ఆ యంత్రం కావాలని అడిగారు. ఆమె ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో చెప్పడానికి మాత్రం ఎంత దూరమైనా వెళ్లింది.

మరుసటి ఏడు నీళ్లు తగ్గగానే రెండు గట్ల వాళ్లూ కూర్చుని మాట్లాడుకున్నారు. వాదించుకున్నారు, ఒకసారి లేచిపోయి మళ్లీ వచ్చి కూర్చున్నారు. చివరికి నీటి అంచున ఒక పట్టీ విత్తకుండా గడ్డికి వదలడానికి ఒప్పుకున్నారు. ఎవరి చేనికెదురుగా ఉన్న పట్టీ వాళ్లు వదలాలి. బాతులు గడ్డి దాటి శనగలోకి వస్తే డబ్బా కొట్టుకోవచ్చు. గొంతు మాత్రం వాటిదే వాటికి.

బాతులు వచ్చాయి. అంతకుముందు వచ్చినన్ని రాలేదు. వచ్చినవి ఆకాశంలో చాలాసేపు తిరిగి గాని దిగలేదు.

భ్రమరాంబ గట్టు మీద మైకు పెట్టుకుని వింటూ కూర్చుంది. నిరుడు ఇక్కడికొచ్చిన పిల్లలు ఇప్పుడు పెద్దవయ్యాయి, చారలు తేలాయి. వాటి తల్లులు పిలిస్తే అవి పలకడం లేదు. గుంపుకు కొంచెం ఎడంగా, తమలో తామే మేస్తున్నాయి. అవి ఇక ఎప్పటికీ పలకవేమో. ఆమె అలాగే వింటూ ఉండిపోయింది. గడ్డిలో ఒక తల్లిబాతు తల ఎత్తి మెల్లగా పిలిచింది. ఒక సన్నటి గొంతు వెంటనే బదులిచ్చింది. ఈ ఏడే కొండల అవతల పుట్టిన పిల్ల అది. అబద్ధం విని ఎరగని పిల్ల.

ఎద్దుల్ని తోలుకుంటూ వెళ్తున్న ఓబుళేసు ఆమె ముఖం చూసి ఆగాడు.

"ఏమైంది?"

ఆమె హెడ్‌ఫోన్ తీసి అతని చెవులకు పెట్టింది. అతను కాసేపు కనుబొమలు ముడిచి విన్నాడు.

"సన్నగా వినబడేదా? అదేనా?"

"అదే."

అతను ఆ హెడ్‌ఫోన్ తీయలేదు. గొర్రు కట్టిన ఎద్దులు చేన్లో నిలబడి, తోకలతో ఈగలు తోలుకుంటూ ఎదురుచూస్తున్నాయి.